యాసిడ్ సల్ఫేట్ నేలలు: తవ్వే ముందు, తవ్వేటప్పుడు, తవ్వాక తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ తీరప్రాంతాల్లో ఇల్లు కట్టుకుంటున్న మన తెలుగువాళ్ళూ, అక్కడి సైట్లలో పనిచేసే ఇంజినీర్లూ, సూపర్‌వైజర్లూ ఈ నేలల గురించి అడిగేవి దాదాపు ఇవే సందేహాలు. పని జరిగే వరుసలో వాటిని ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళొచ్చు.

## నేల గురించి

అసలు యాసిడ్ సల్ఫేట్ నేల అంటే ఏమిటి? పేరులోనే యాసిడ్ ఉంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుందా?

కాలదు. నీటి కింద కదలకుండా ఉన్నంతకాలం అది మామూలు బురదే. గడిచిన 10,000 ఏళ్ళలో సముద్రమట్టం పెరిగినప్పుడు మడ అడవుల్లోనూ, ఉప్పుటేళ్ళ ఒడ్డునా, పోటు నీళ్ళు నిలిచే చోటా పేరుకున్న ఒండ్రు ఇది. సముద్రపు నీటిలోని సల్ఫేట్, మట్టిలోని ఇనుము, కుళ్ళిన ఆకూ అలమూ గాలి అందని చోట కలిసి, బ్యాక్టీరియా వల్ల పైరైట్‌గా, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజంగా మారాయి. దానికి గాలి తగిలిందంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఒక టన్ను పైరైట్ పూర్తిగా మారితే సుమారు 1.6 టన్నుల ఆమ్లం వస్తుంది.

ఆ ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని, ఇనుమును, ఒక్కోసారి ఆర్సెనిక్‌ను కూడా కరిగించి నీళ్ళలోకి తోస్తుంది. చేపలు చావడానికి ఆ అల్యూమినియం పెద్ద కారణం, అది మొప్పలకు పట్టేస్తుంది. ఇంకా గాలి తగలని మట్టిని ‘పొటెన్షియల్’ అనీ, తగిలి ఆమ్లం పుట్టేసినదాన్ని ‘యాక్చువల్’ అనీ అంటారు. ఒకే గుంటలో పైన యాక్చువల్, కింద పొటెన్షియల్ ఉండటం మామూలే.

మట్టి పీహెచ్ 7 వచ్చింది. ఇంకేం భయం?

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసిన పొరపాటు ఇదే. గాలి తగలని పైరైట్ మట్టికి పీహెచ్ మామూలుగానే 6.5 నుంచి 8 దాకా ఉంటుంది. ఆ మట్టినే బయట కుప్పపోస్తే కొన్ని వారాల్లో 4 కిందికి దిగిపోవచ్చు. ఇసుక అయితే ఇంకా త్వరగా దిగుతుంది. మామూలు పీహెచ్ పరీక్ష ఇవాళ్టి సంగతే చెబుతుంది, రేపు ఎంత ఆమ్లం పుడుతుందో చెప్పదు. అది తెలియాలంటే పెరాక్సైడ్ పరీక్ష చేయాలి, ఆ తర్వాత ల్యాబ్‌లో సల్ఫైడ్ గంధకం కొలిపించాలి.

కంటికి చూసి గుర్తుపట్టగలమా?

అనుమానపడటానికి చూపు చాలు, తేల్చుకోవడానికి చాలదు. పొటెన్షియల్ మట్టి ముదురు బూడిద రంగులోనో, నీలం కలిసిన బూడిద రంగులోనో, మెత్తగా వెన్నముద్దలా ఉంటుంది. పిడికిట్లో నొక్కితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. తరచు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఇసుకలోనూ పైరైట్ ఉంటుంది, కానీ అక్కడ ఈ గుర్తులేవీ కనిపించకపోవచ్చు.

యాక్చువల్ మట్టిలో పాత వేళ్ళ దారుల వెంట, పగుళ్ళ వెంట లేత పసుపు మచ్చలు ఉంటాయి. అది జారోసైట్ అనే ఖనిజం. అది కనిపిస్తే అక్కడ పీహెచ్ ఒకప్పుడు 4 కిందికి పోయిందని అర్థం.

నీళ్ళ దగ్గర మాత్రం మన కన్నే మనల్ని మోసం చేస్తుంది. కాలువలో నీళ్ళు అద్దంలా తేరి, నీలంగానో ఆకుపచ్చగానో మెరుస్తుంటే ‘ఎంత శుభ్రంగా ఉన్నాయో’ అనుకుంటాం. కరిగిన అల్యూమినియం బురద రేణువుల్ని గుంపుకట్టించి అడుక్కి దించడం వల్ల నీళ్ళు అలా తేరుతాయి. తుప్పు రంగు తెట్టు కన్నా ఈ తేటనీళ్ళే ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

మా స్థలం నుంచి సముద్రం కనబడదు. అయినా మాకు వర్తిస్తుందా?

సముద్రం ఎంత దూరమన్నది కాదు, నేల ఎంత ఎత్తులో ఉందన్నది చూడాలి. ఆస్ట్రేలియాలో తీరప్రాంతపు యాసిడ్ సల్ఫేట్ పొరలు ఎక్కువగా ఏహెచ్‌డీ, అంటే ఆస్ట్రేలియన్ హైట్ డేటమ్ (సుమారుగా సగటు సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తు) ప్రకారం 5 మీటర్ల కంటే కింద ఉంటాయి. నదీముఖం నుంచి చాలా కిలోమీటర్లు లోపలికి వెళ్ళినా వరద మైదానం అంత పల్లంగానే ఉండొచ్చు. మీ స్థలం 8 మీటర్ల ఎత్తులో ఉన్నా, 4 మీటర్ల లోతు బేస్‌మెంట్ తవ్వితే ఆ పొరను తాకే అవకాశం ఉంది.

సముద్రానికి సంబంధం లేని లోపలి చిత్తడి నేలల్లోనూ, మంచినీటి సరస్సుల అడుగునా ఈ మట్టి ఉంటుంది. 2000ల నాటి మిలీనియం కరువులో ఆస్ట్రేలియాలోని ముర్రే నది చివరనున్న అలెగ్జాండ్రినా, ఆల్బర్ట్ సరస్సుల మట్టం పడిపోయి అడుగు బయటపడినప్పుడు అక్కడి మట్టి ఆమ్లమైపోయింది. కొన్ని చోట్ల సున్నపురాయి పొడి వేయాల్సి వచ్చింది.

## అనుమతుల గురించి

ఎంత తవ్వితే నిబంధన వర్తిస్తుంది?

రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. క్వీన్స్‌లాండ్‌లో 2002 నాటి ప్లానింగ్ పాలసీ పెట్టిన అంకెలే చాలా కౌన్సిళ్ళ ఓవర్‌లే కోడ్‌లలో, అంటే ప్రత్యేక ప్రాంతాలకు పెట్టే ప్లానింగ్ నియమాల్లో కొనసాగుతున్నాయి. సహజ నేలమట్టం ఏహెచ్‌డీ ప్రకారం 20 మీటర్ల లోపు ఉన్నచోట, 5 మీటర్ల మట్టానికి గానీ అంతకంటే కిందికి గానీ 100 ఘనపు మీటర్లు, ఆపైన మట్టి తీస్తే వర్తిస్తుంది. 5 మీటర్ల లోపు నేల మీద 500 ఘనపు మీటర్లు, ఆపైన మట్టిని సగటున అర మీటరు, అంతకు మించి మందంగా పోసినా వర్తిస్తుంది.

న్యూ సౌత్ వేల్స్‌లో స్థానిక పర్యావరణ ప్రణాళిక మ్యాప్ స్థలాన్ని 1 నుంచి 5 క్లాసులుగా విడదీస్తుంది. క్లాస్ 1లో ఏ పని చేసినా వర్తిస్తుంది. క్లాస్ 2లో సహజ నేలమట్టం కిందికి దిగితే, క్లాస్ 3లో 1 మీటరు దాటితే, క్లాస్ 4లో 2 మీటర్లు దాటితే వర్తిస్తుంది. క్లాస్ 2, 3, 4లలో తవ్వకపోయినా, ఆ లోతుల కిందికి జలమట్టం దిగేలా చేసే పని కూడా లెక్కలోకే వస్తుంది. 1 టన్ను లోపు మట్టి కదిపే, జలమట్టాన్ని దించని చిన్న పనికి మినహాయింపు ఉంది.

అంకెలు కౌన్సిల్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. దరఖాస్తుకు ముందు మీ కౌన్సిల్ ప్రస్తుత కోడ్‌నే చూసుకోండి.

ప్లానింగ్ సర్టిఫికెట్‌లో ‘క్లాస్ 5’ అని ఉంది. ఇల్లు కొనడం మానుకోవాలా?

అవసరం లేదు. క్లాస్ 5 అంటే మీ స్థలంలో ఆ మట్టి ఉందని కాదు. పక్కన 500 మీటర్ల లోపు క్లాస్ 1 నుంచి 4 నేల ఉందని, మీరు నీళ్ళు తోడితే దాని జలమట్టం పడిపోవచ్చని హెచ్చరిక. 5 మీటర్ల ఎత్తు లోపు పని చేస్తూ, ఆ పక్క నేలలో జలమట్టాన్ని 1 మీటరు ఏహెచ్‌డీ కిందికి దించే అవకాశం ఉంటేనే అది వర్తిస్తుంది. మామూలు స్లాబ్ మీద కట్టే ఇంటికి సాధారణంగా ఏమీ అడ్డం రాదు. లోతైన బేస్‌మెంట్, నీళ్ళు తోడాల్సిన ఈతకొలను ఉంటే మాత్రం ముందే అడగండి.

మ్యాప్‌లో మా స్థలానికి రంగు లేదు. పరీక్ష వదిలేయొచ్చా?

మ్యాప్ పెద్ద స్కేలు మీద గీసిన అంచనా. పాత వాగు పూడిపోయిన చోట, గతంలో డ్రెడ్జింగ్ మట్టి పోసి మెరక చేసిన చోట అది తప్పే అవకాశం ఎక్కువ. నేల 5 మీటర్ల లోపు ఉండి, తవ్వుతుంటే బూడిద రంగు మెత్తటి మట్టి తగిలితే రంగు ఉన్నా లేకపోయినా పని ఆపి పరీక్షించాలి. కాలుష్యం నీటిలోకి పోయాక ‘మ్యాప్‌లో లేదు’ అనే మాట మిమ్మల్ని కాపాడదు.

పక్క సైటువాళ్ళు తవ్విన మట్టి ఊరికే ఇస్తామంటున్నారు. మెరక చేసుకోవడానికి తీసుకోవచ్చా?

ల్యాబ్ రిపోర్టు చూడకుండా ఒక్క లారీ కూడా దింపించుకోవద్దు. న్యూ సౌత్ వేల్స్‌లో సల్ఫైడ్ ఉన్న మట్టి ‘స్వచ్ఛమైన సహజ మట్టి’ కింద, అంటే వీఈఎన్‌ఎమ్ కింద రాదు. దాన్ని ఆ పేరుతో ఇవ్వకూడదు. తీసుకున్నాక అది మీ నేల మీది సమస్య అవుతుంది. ఏ గుంట నుంచి, ఏ లోతు నుంచి వచ్చిందో, సున్నం కలిపి ఉంటే కలిపాక చేసిన పరీక్ష ఫలితం ఏమిటో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వద్దని చెప్పడమే మేలు.

## పరీక్షల గురించి

ఎన్ని బోర్లు వేయాలి? ఎంత లోతు?

1 హెక్టారు లోపు స్థలానికి 4, 2 హెక్టార్ల దాకా 6, 3 దాకా 8, 4 దాకా 10, ఆపైన హెక్టారుకు 2 చొప్పున. పైపులైన్, రోడ్డు లాంటి పొడుగాటి పనులకు 50 నుంచి 100 మీటర్లకు ఒకటి.

లోతు విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మీరు తవ్వబోయే లోతుకు గానీ, తోడటం వల్ల నీళ్ళు దిగే మట్టానికి గానీ, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి ఇంకో 1 మీటరు కలపాలి. ఎట్లా చూసినా 2 మీటర్లకు తగ్గకూడదు. 3 మీటర్ల గుంట పొడిగా ఉంచడానికి నీళ్ళను 4 మీటర్లకు దించుతుంటే బోరు 5 మీటర్లు పోవాలి. గుంట లోతు వరకే బోరు వేస్తే, నీళ్ళు దిగి గాలి తగిలే ఆ కింది పొర లెక్కలోకే రాదు.

సైట్‌లో పెరాక్సైడ్ పరీక్ష ఎలా చేయాలి?

బోరు నుంచి తీసిన మట్టిలో ప్రతి పాతిక సెంటీమీటర్లకు ఒక చిటికెడు తీసుకుని, తీసిన వెంటనే చేయాలి.

మొదటి గొట్టంలో కొంచెం మట్టి, కొంచెం డిస్టిల్డ్ వాటర్ వేసి పేస్టులా కలిపి పీహెచ్ చూడండి. దీన్ని పీహెచ్-ఎఫ్ అంటారు. రెండో గొట్టం వేడి తట్టుకునే గాజుది కావాలి. అందులో అర చెంచా మట్టి వేసి, అది మునిగేలా 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోయండి. కొన్న పెరాక్సైడే ఆమ్లంగా ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో ముందుగా దాన్ని పీహెచ్ 4.5–5.5 మధ్యకు తెచ్చుకోకపోతే ప్రతి మట్టీ ఆమ్లంగానే కనిపిస్తుంది. పొంగు అణిగి, చల్లారాక మళ్ళీ పీహెచ్ చూడండి. ఇది పీహెచ్-ఫాక్స్.

గట్టిగా పొంగి పొగలు రావడం, పీహెచ్-ఫాక్స్ 3 కిందికి పోవడం, అది పీహెచ్-ఎఫ్ కన్నా కనీసం 1 తక్కువ ఉండటం, ఈ మూడూ కలిస్తే పైరైట్ ఉందనే అనుకోవాలి. మాంగనీస్ ఉన్న మట్టి కూడా పొంగుతుంది, కానీ పీహెచ్ పడదు. ఆకు కుళ్ళు ఎక్కువున్న మట్టిలో పొంగు వస్తుంది, పీహెచ్ కూడా కొంత పడుతుంది. గుల్లలున్న మట్టిలో ఆమ్లం అక్కడికక్కడే విరిగిపోయి పీహెచ్-ఫాక్స్ ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్ష ఏ నమూనాలు ల్యాబ్‌కి పంపాలో ఎంచుకోవడానికే. సున్నం లెక్కకు ఇది పనికిరాదు.

30 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని కాల్చేస్తుంది, గొట్టంలోంచి మరిగి ఎగజిమ్ముతుంది. రక్షణ కళ్ళద్దాలూ గ్లవ్స్ లేకుండా మూత కూడా తీయొద్దు. మందుల షాపులో దొరికే 3 శాతం పెరాక్సైడ్‌తో ఈ పరీక్ష జరగదు.

నమూనా ల్యాబ్‌కి చేరేలోపే పాడవుతుందా?

అవుతుంది. సంచిలో గాలి ఉంటే పైరైట్ మారడం మొదలవుతుంది. మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలంతా పిండేసి, ఐస్ ఉన్న ఎస్కీలో (చల్లటి పెట్టెలో) 4 డిగ్రీల లోపు ఉంచి 24 గంటల్లో ల్యాబ్‌కి చేర్చండి. కుదరకపోతే ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. శుక్రవారం సాయంత్రం తీసిన నమూనాలు సోమవారం దాకా యూట్ (చిన్న ట్రక్కు) వెనక పడి ఉంటే ఆ రిపోర్టును నమ్మడానికి లేదు.

ల్యాబ్ రిపోర్టులో ఇన్ని కాలమ్‌లు ఉన్నాయి. ఏది చూడాలి?

చివరికి కావలసింది ‘నెట్ అసిడిటీ’. మిగతావి దాన్ని కట్టడానికి కావలసిన దినుసులు.

క్రోమియం రిడ్యూసిబుల్ సల్ఫర్ అన్నది ఇంకా పుట్టని ఆమ్లం. టీఏఏ, అంటే టైట్రేటబుల్ యాక్చువల్ అసిడిటీ అన్నది ఇప్పటికే పుట్టి ఉన్న ఆమ్లం. రిటైన్డ్ అసిడిటీ అన్నది జారోసైట్‌లో దాక్కుని నెమ్మదిగా బయటికొచ్చేది. కేసీఎల్ పీహెచ్, అంటే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో కొలిచిన పీహెచ్ 4.5 కంటే తక్కువైతే దీన్ని తప్పక కొలవాలి. ఈ మూడింటినీ కూడి, మట్టికి సొంతంగా ఉన్న విరుగుడు శక్తిని, అంటే ఏఎన్‌సీని తీసివేస్తారు. ఏఎన్‌సీని మాత్రం పూర్తిగా నమ్మి ఉన్నదున్నట్టు తీసివేయకూడదు. ల్యాబ్‌లో గుల్లను మెత్తగా నూరి కొలుస్తారు, నేలలో అది పెద్ద ముక్కగానే ఉండి, ఇనుము, జిప్సం పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. అందుకే కనీసం 1.5తో భాగిస్తారు. అది నేలలో నిజంగా పనిచేస్తుందని వేరే పరీక్షతో రుజువు కాకపోతే అసలు లెక్కలోకి తీసుకోకపోవడం క్షేమం.

గంధకం శాతంలో ఇచ్చిన అంకెను 623.7తో గుణిస్తే ‘టన్నుకు మోల్ హెచ్ ప్లస్’, అంటే టన్ను మట్టిలోని ఆమ్లం మోల్‌లలో వస్తుంది.

ఎంత వస్తే మేనేజ్‌మెంట్ ప్లాన్ రాయాలి?

ఇసుకకు 0.03 శాతం గంధకం, లోమ్ (ఇసుకా బంకా కలిసిన మట్టి) నుంచి తేలికపాటి బంకమట్టి వరకు 0.06, బరువైన బంకమట్టికి 0.1. మోల్‌లలో ఇవి వరుసగా 18, 36, 62. కదిపే మట్టి మొత్తం 1,000 టన్నులు దాటితే ఏ మట్టికైనా 0.03 శాతమే హద్దు. ఇసుకకు అంత తక్కువ ఎందుకంటే దానిలో ఆమ్లాన్ని పట్టి ఆపే గుణం దాదాపు లేదు, గాలీ నీరూ దానిలోంచి తేలిగ్గా దూరిపోతాయి. నమూనాల సగటు తీసి హద్దు లోపు ఉందని చూపించడం ఒప్పుకోరు, ఒక పొరలో దాటినా ఆ పొరకు ప్లాన్ కావాలి.

## సున్నం గురించి

ఎన్ని టన్నుల సున్నం కావాలి? లెక్క చేసి చూపించండి.

300 ఘనపు మీటర్ల బంకమట్టి ఉందనుకుందాం. ఎండు సాంద్రత ఘనపు మీటరుకు 1.2 టన్నులు. అంటే 360 టన్నుల మట్టి. నెట్ అసిడిటీ 0.8 శాతం గంధకం, అంటే టన్నుకు 499 మోల్‌లు.

మోల్ అంకెను 20తో భాగిస్తే టన్ను మట్టికి కావలసిన శుద్ధ కాల్షియం కార్బొనేట్ కిలోల్లో వస్తుంది. ఇక్కడ 25. కలపడం ఎప్పుడూ నూటికి నూరుపాళ్ళు కుదరదు కాబట్టి 1.5తో గుణించాలి, 37.4 అయింది. మీరు కొన్న పొడి ప్రభావ విలువ, అంటే శుద్ధ కాల్షియం కార్బొనేట్‌తో పోలిస్తే దాని విరుగుడు శక్తి 90 శాతమైతే 0.9తో భాగించాలి, టన్నుకు 41.6 కిలోలు. 360 టన్నులకు సుమారు 15 టన్నులు.

ఒక ఇంటి బేస్‌మెంట్ మట్టికే పదిహేను టన్నులు. డిజైన్ దశలో బేస్‌మెంట్‌ను అర మీటరు పైకి జరిపితే ఎంత ఖర్చు మిగులుతుందో ఈ అంకె చూశాకే చాలామందికి తెలిసొస్తుంది.

ఏ సున్నం కొనాలి?

తెలుగులో మూడు వేరువేరు వస్తువుల్ని సున్నమనే అంటాం, అక్కడే తికమక. మట్టికి కావలసింది కాల్చని సున్నపురాయిని మెత్తగా పిండి చేసిన పొడి, అంటే ఆగ్ లైమ్. దీని పీహెచ్ 8.5 దగ్గరే ఆగిపోతుంది, కొంచెం ఎక్కువైనా ప్రమాదం లేదు. గోడలకు వేసే తడి సున్నం, అంటే హైడ్రేటెడ్ లైమ్ పీహెచ్ 12 దాకా పోతుంది. వాన పడితే కొట్టుకుపోయి అదే చేపల్ని చంపగలదు. బట్టీ సున్నం, అంటే క్విక్‌లైమ్ నీళ్ళు తగిలితే విపరీతంగా వేడెక్కుతుంది, కళ్ళకు చాలా ప్రమాదం.

రోడ్డుకు వేసే సున్నపురాయి కంకర చవగ్గా వస్తుందని వాడొద్దు. వారాల్లోనే దాని మీద తుప్పు, జిప్సం పొర కట్టుకుని ఉత్త రాయిగా మిగులుతుంది. తూకం చీటీ, ప్రభావ విలువ సర్టిఫికెట్ దాచిపెట్టుకోండి, ఆడిట్‌లో ముందు అడిగేవి అవే.

మట్టిలో ఎలా కలపాలి? బంకమట్టి ముద్దలు ముద్దలుగా వస్తోంది.

ముందు చోటు సిద్ధం చేయాలి. గట్టిగా దిమ్మిస చేసిన బంకమట్టి అడుగు, చుట్టూ గట్టు, నీళ్ళు ఒక మూలకు చేరే వాలు. అడుగున గార్డ్ లేయర్ కింద సున్నపురాయి పొడి చల్లాలి. పైన పోసే మట్టి ప్రతి మీటరు ఎత్తుకూ చదరపు మీటరుకు కనీసం 5 కిలోలు.

తర్వాత మట్టిని 15 నుంచి 30 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, పైన లెక్క ప్రకారం పొడి చల్లి, రోటరీ హోతో (తిరిగే పళ్ళతో మట్టిని కలిపే యంత్రంతో) రెండు మూడు సార్లు దున్నాలి. తడి బంకమట్టిని ముందు ఆరనిచ్చి చిదపాలి. పిడికెడు ముద్దని విరిచి చూడండి. లోపల బూడిద రంగు, పైన మాత్రమే తెల్లపూత ఉంటే సున్నం లోపలికి పోలేదన్నమాట, ఆ ముద్ద నడిమధ్య ఆమ్లం పుడుతూనే ఉంటుంది. ఎక్స్‌కవేటర్ బకెట్‌తో కుప్పను అటూ ఇటూ తిప్పి ‘కలిపేశాం’ అనడం వల్లే ఎక్కువ బ్యాచ్‌లు పరీక్షలో ఫెయిలవుతాయి.

## తవ్వకం, నీళ్ళ గురించి

తవ్విన మట్టిని ఎంతసేపు కుప్పపోసి ఉంచొచ్చు?

సున్నం కలపని ఇసుకను ఒక్క రాత్రికి మించి ఉంచకూడదు, సుమారు 18 గంటలు. బంకమట్టిని వారాంతం దాటకుండా, సుమారు 70 గంటలు. అంతకు మించితే గార్డ్ లేయర్, గట్టు, నీటి సేకరణ ఉన్న చోటికి మార్చాలి, అక్కడా వారాలకొద్దీ వదిలేయకూడదు. కుప్ప వెడల్పుగా కాక, ఎత్తుగా పోస్తే గాలి తగిలే పైభాగం తగ్గుతుంది.

పైపు ట్రెంచ్ తవ్వి సాయంత్రానికే పూడ్చేస్తాం. దానికీ సున్నం కావాలా?

మట్టిని తీసిన వరుసకు తలకిందులుగా తిరిగి వేస్తే చాలాసార్లు గండం గడుస్తుంది. పైన ఉన్న మామూలు మట్టిని ఒక పక్క, కింది బూడిద మట్టిని వేరే పక్క పోయండి. పూడ్చేటప్పుడు బూడిద మట్టి అదే రోజు జలమట్టం కిందికి పోవాలి, మామూలు మట్టి పైకి రావాలి. పైపు వల్ల మిగిలిపోయిన మట్టికి మాత్రం సున్నం తప్పదు. ట్రెంచ్ అడుగునా, గోడలకూ కొంచెం పొడి చల్లడం మంచి అలవాటు. ఇప్పటికే ఆమ్లమైన యాక్చువల్ మట్టిని నీటి కింద పూడ్చి చేతులు దులుపుకోకూడదు. అందులో ఆమ్లం సిద్ధంగా ఉంది, నేరుగా భూగర్భజలంలోకి పోతుంది.

గుంటలో నీళ్ళు తోడితే పక్క స్థలానికి ఏమవుతుంది?

తోడే చోటు చుట్టూ జలమట్టం గరాటులా దిగిపోతుంది. ఆ గరాటు మీ కంచె దగ్గర ఆగదు. ఇసుక నేలలో చాలా దూరం పాకి, ఎవరూ ముట్టుకోని మట్టికి కూడా గాలి తగిలిస్తుంది. పంపులు ఆపాక నీళ్ళు తిరిగి పైకి లేచి, పుట్టిన ఆమ్లాన్ని కడిగి తీసుకొస్తాయి.

అందుకే గుంటను చిన్న చిన్న భాగాలుగా తవ్వి, ఒక్కో భాగం కొద్ది రోజుల్లో ముగించాలి. లోతైన చోట షీట్ పైల్స్‌తో, అంటే నేలలోకి దించే ఉక్కు పలకల గోడతో నీళ్ళను అడ్డుకోవాలి. పని మొదలవకముందే చుట్టూ మానిటరింగ్ బోర్లు వేసి పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత), టైట్రేటబుల్ అసిడిటీ, కరిగిన ఇనుము, అల్యూమినియం, క్లోరైడ్, సల్ఫేట్ రాసిపెట్టుకోవాలి. సముద్రపు నీటిలో క్లోరైడ్ సల్ఫేట్‌కు బరువులో 7 రెట్లు ఉంటుంది. తీరప్రాంతపు బోరులో ఆ నిష్పత్తి 4 కిందికి వస్తే అనుమానించాలి. 2 కిందికి వస్తే పైరైట్ మారుతోందని దాదాపు ఖాయం. పీహెచ్ పడకముందే ఈ గుర్తు కనిపిస్తుంది.

గుంట నీళ్ళు పీహెచ్ 4 ఉన్నాయి. కొంచెం సున్నం వేసి కాలువలోకి వదిలేయొచ్చా?

పీహెచ్ ఒక్కటే చూసి లెక్క కట్టొద్దు. 10 లక్షల లీటర్ల నీళ్ళలో పీహెచ్ 4 దగ్గరున్న ఆమ్లానికి కాగితం మీద 5 కిలోల సున్నపురాయి పొడి చాలు. నిజంలో కరిగిన ఇనుము, అల్యూమినియం దానికి ఎన్నో రెట్లు ఆమ్లాన్ని దాచుకుని ఉంటాయి. టైట్రేషన్ చేసి మొత్తం అసిడిటీ కొలిచాకే మోతాదు తేలుతుంది.

నీళ్ళకు ఆగ్ లైమ్ మెల్లగా పనిచేస్తుంది కాబట్టి హైడ్రేటెడ్ లైమ్‌ను పల్చటి పాలలా కలిపి, పంపుతో తిప్పుతూ కొద్దికొద్దిగా పోస్తారు. తెట్టు కట్టి అడుక్కి దిగేదాకా ఆగి, పైనీళ్ళ పీహెచ్ 6.5–8.5 మధ్య ఉందో, అల్యూమినియం మీ అనుమతి హద్దు లోపు ఉందో చూసి వదలాలి. మంచినీటి వాగులకు సాధారణంగా లీటరుకు 55 మైక్రోగ్రాముల అల్యూమినియాన్ని హద్దుగా వాడతారు. అడుగున మిగిలిన తెట్టును కూడా పరీక్షించే పారేయాలి.

మేం తవ్వడం లేదు, మట్టి పోసి మెరక చేస్తున్నాం అంతే. దీనికీ ప్లాన్ ఎందుకు?

మెత్తటి బురద మీద బరువు పడితే అది పక్కకు ఉబ్బి జలమట్టాన్ని దాటి పైకొస్తుంది, దానికి గాలి తగులుతుంది. లోపలున్న ఆమ్లనీళ్ళు కూడా పిండినట్టు కాలువలోకి కారతాయి. ఒకేసారి ఎత్తుగా పోయకుండా దశలవారీగా పోయడం, అంచుల్లో ఉబ్బు వస్తోందో లేదో రోజూ చూడటం, పక్క కాలువలో పీహెచ్ కొలవడం అవసరం.

## పని ముగిశాక

సున్నం కలిపిన మట్టి బాగుపడిందని ఎలా రుజువు చేయాలి?

కలిపిన తర్వాత నమూనాలు మళ్ళీ ల్యాబ్‌కి పంపాలి. కేసీఎల్ పీహెచ్ 6.5, ఆపైన ఉండాలి. వేసిన సున్నాన్ని లెక్కలోకి తీసుకున్నాక, 1.5 భద్రతా గుణకంతో సహా నెట్ అసిడిటీ సున్నా గానీ అంతకంటే తక్కువ గానీ రావాలి. రాకపోతే ఆ బ్యాచ్‌కి మళ్ళీ సున్నం వేసి, మళ్ళీ దున్ని, మళ్ళీ పరీక్ష. ఫలితం రాకముందే ఆ పొర మీద ఇంకో పొర వేస్తే, ఫెయిలైనప్పుడు రెండూ తీయాల్సి వస్తుంది.

కాంక్రీటుకు, పైపులకు ఏమైనా అవుతుందా?

అవుతుంది. ఆమ్లం సిమెంటును తింటుంది, సల్ఫేట్ దాన్ని లోపల్నుంచి ఉబ్బించి పగులగొడుతుంది, గాల్వనైజ్డ్ ఇనుము కొద్ది ఏళ్ళలో చిల్లులు పడుతుంది. మట్టి, భూగర్భజలాల పీహెచ్, సల్ఫేట్, క్లోరైడ్ అంకెలు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి డిజైన్‌కు ముందే ఇవ్వండి. పునాది పైల్స్‌కు ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 2159 ప్రకారం ఎక్స్‌పోజర్ క్లాస్, అంటే నేల వాటిని ఎంతగా తింటుందన్న తరగతి నిర్ణయిస్తారు.

పొలం ఎప్పుడో కాలువలు తవ్వి ఆరబెట్టినది. ఇప్పుడేం చేయగలం?

మొత్తం నేలకు సున్నం వేయడం ఎవరి తరమూ కాదు. లోతు కాలువల్ని పూడ్చి వెడల్పైన, లోతు తక్కువ కాలువలుగా మార్చాలి. అప్పుడు వాన నీళ్ళు పోతాయి గానీ ఆమ్లనీళ్ళు ఊరి రావు. కాలువలో అడ్డుకట్ట పెట్టి జలమట్టాన్ని పైరైట్ పొర పైన ఉంచాలి. ఫ్లడ్‌గేట్లు అప్పుడప్పుడు తెరిచి పోటు నీళ్ళను రానిస్తే, వాటిలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది.

1987లో ట్వీడ్ నదిలో 23 కిలోమీటర్ల మేర చేపలన్నీ చచ్చిపోయాక గానీ ఆస్ట్రేలియాలో ఈ నేలల మీద గట్టి దృష్టి పడలేదు. కెయిర్న్స్ ఎదురుగా ఉన్న ఈస్ట్ ట్రినిటీలో 1970లలో చెరకు కోసం కరకట్ట వేసి దాదాపు 740 హెక్టార్ల మడ నేలను ఆరబెట్టారు. 2000లో ప్రభుత్వం దాన్ని కొని, పోటు నీళ్ళను మెల్లమెల్లగా లోపలికి వదులుతూ సున్నం కలిపి బాగుచేసింది. మళ్ళీ మడచెట్లు, చేపలు వచ్చాయి.

కాలువ అడుగున నల్లటి జారుడు బురద ఉంది. తీసి గట్టు మీద వేస్తే ఎరువవుతుందా?

అవదు. అది మోనోసల్ఫైడ్ బురద, గాలి తగిలిన నిమిషాల్లోనే మారడం మొదలవుతుంది. వరదలో కదిలితే నీళ్ళలోని ప్రాణవాయువునంతా లాగేసుకుని చేపల్ని ఊపిరాడకుండా చేస్తుంది. గట్టు మీద వేస్తే ఆమ్లమై వానకి మళ్ళీ కాలువలోకే దిగుతుంది. తీయక తప్పకపోతే ఎండు రోజుల్లో తీసి, గట్టుకు దూరంగా, సున్నం కలిపే చోటికే తీసుకెళ్ళాలి.

మన దేశంలో ఈ నేలలున్నాయా? రొయ్యల చెరువులకు సంబంధం ఉందా?

ఉన్నాయి. కేరళలో కుట్టనాడ్ ‘కరి’ నేలలు అందరికీ తెలిసినవి. అక్కడి రైతులు సున్నం వేసి, నీళ్ళు నిలిపి వరి పండిస్తారు. మన దేశంలో వీటికంటూ ప్రత్యేక చట్టం లేదు. మడ అడవులకు తీరప్రాంత నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్ నిబంధనలే రక్ష. 2019 నోటిఫికేషన్ ప్రకారం అవి సీఆర్‌జెడ్-1ఎ కిందికి వస్తాయి.

ఒకప్పుడు మడ ఉన్న చోట తవ్విన చెరువైతే తెలుగునాట కూడా ఈ సందేహం పెట్టుకోవాలి. వాన పడ్డ మర్నాడు చెరువు పీహెచ్ ఒక్కసారిగా పడిపోవడం, గట్టు వాలు మీద గడ్డి మొలవకపోవడం, తుప్పు రంగు ఊట కనిపించడం దీని గుర్తులు. పంట పంటకూ చెరువు అడుగు బీటలు వారేదాకా ఎండగట్టడం మామూలు నేలకు మంచిదే, ఈ నేలకు మాత్రం అది కొత్త ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఎండగట్టే రోజులు తగ్గించి, గట్టు లోపలి వాలుకు సున్నపురాయి పొడి వేసి, వానలకు ముందే గట్టును గడ్డితో కప్పండి. కొత్తగా తవ్వేముందు గట్టుకు వాడబోయే లోతు మట్టిని పెరాక్సైడ్‌తో చూసుకోండి. బూడిద మట్టి గట్టు పైకి కాక అడుక్కే పోవాలి.